పనికిరాని మాటలు

దిగేటప్పుడు కిందికి చూడకు, కళ్ళు తిరుగుతాయి అన్నాడు అనెస్తిస్. చూడకుండా ఈ రాతిమెట్లు ఎలా దిగాలో మాత్రం చెప్పలేదు. మా ఆయన సలహాలన్నీ ఇలాగే సగంలో ఆగిపోతాయి, మిగతా సగం నేను పడి లేచి నేర్చుకోవాలి. ఎక్కడమే నయం, ఆయాసం ఒక్కటే, దిగడంలో మోకాలు ప్రతి మెట్టుకీ తన గోడు వెళ్ళబోసుకుంటుంది, అయినా పక్కకి తిరిగి, ఒక చేయి చల్లటి రాతి మీద ఆనించి, అడుగులో అడుగు వేసుకుంటూ దిగుతున్నాను, ఎందుకంటే పైన చిట్టచివరి వరుసలో, పైన్ చెట్ల నీడ అంచున, టోపీ పెట్టుకుని కాళ్ళు బారజాపుకుని కూర్చుని మా ఆయన నేను ఓడిపోవడం కోసం చూస్తున్నాడు. పందెం చాలా చిన్నది. నేను కింద నడిమధ్యన ఉన్న గుండ్రటి రాయి మీద నిలబడి, గొంతు పెంచకుండా, మామూలుగా ఏదో ఒకటి అనాలి. ఆరుబయట రాతి వరుసలతో గిన్నెలా ఉన్న ఈ పాత రంగస్థలంలో ఆ రాయి దగ్గర చీమ చిటుక్కుమన్నా చివరి వరుసకి వినపడుతుందని ఊరూవాడా చెప్పుకుంటారు. తను విన్నాడా, ఇక జన్మలో నేను డాక్టరు మాట ఎత్తకూడదు. వినలేదా, సోమవారం పొద్దున నాతో కలిసి త్రిపోలి పట్నంలో చెవులు పరీక్షించే చోటికి వచ్చి, నోరు మూసుకుని కూర్చుని, వాళ్ళిచ్చిన చెవి మిషను పెట్టుకోవాలి. చేయి చేయి కలిపాం కూడా. తను నవ్వుతూ కలిపాడు, నేను నవ్వలేదు.

నవ్వే మనిషే, పందెమంటే చాలు ప్రాణం లేచొస్తుంది. పొద్దున కింద బండి ఆపిన చోట, పికప్ వెనక తలుపు దించుకుని కూర్చుని, క్రీస్తు లేచిన పండగకి ఉడికించి రంగేయగా మిగిలిన ఎర్రగుడ్లు తీసినప్పుడు కూడా అంతే, తినడానికి ముందు నా గుడ్డు ముక్కుకి తన గుడ్డు ముక్కు కొట్టాల్సిందే, ఎవరిది పగలకపోతే వాళ్ళకి ఏడాదంతా బాగుంటుందట. మా పెళ్ళయిన దగ్గర్నుంచీ తనదే పగలదు. అదృష్టం కాదు, దొంగతనం, గుప్పెట్లో గుడ్డునంతా దాచేసి చిటికెన గోరంత కొస మాత్రం బయట పెడతాడు, అంత చిన్న చోట దెబ్బ తగిలితే ఎలా పగులుతుంది, నేను అది కనిపెట్టి ఎన్నేళ్ళయిందో, కనిపెట్టినా చెప్పలేదు, పగిలిన నా గుడ్డు వొలుచుకుని ఉప్పద్దుకుని తినేశాను. అలా ఊరుకోవడం నాకు బాగా అలవాటైపోయింది. ఇవాళ కూడా ఏదో దొంగతనం చేస్తాడనే నా అనుమానం, పైవరుసలో అంత చోటుండగా వెళ్ళి వెళ్ళి ఎర్ర తలగుడ్డ కట్టుకున్న ఆ లావుపాటావిడ పక్కనే కూర్చున్నాడు, లారిస్సా నుంచి బస్సులో వచ్చిన ఆడవాళ్ళలో ఒకావిడ, మా భాషే, చెవులు మహా చురుకు, మేం ఎక్కుతుంటేనే నా మోకాలి గురించి నేను గొణుక్కున్నది విని కర్పూరం నూనె రాయమ్మా అంది. నేనేమన్నానో ఆవిడ్ని అడిగి చెప్పేస్తే? చెప్పేస్తాడు. మూడేళ్ళుగా అదేగా చేస్తున్నాడు, వినకుండానే విన్నట్టు.

మెట్ల పగుళ్ళలో చామంతుల్లాంటి చిన్న పసుపు పూలు, వాటి మీద తేనెటీగలు, ఆ ఝుమ్మనే చప్పుడు తనకి వినపడి ఎన్నాళ్ళయిందో. కార్ల సొట్టలు తీసే షెడ్డు మాది, అనెస్తిస్ జీవితమంతా రేకు మీద సుత్తితో కొట్టాడు, నేను మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకెళితే గుమ్మం దగ్గరే చెవులు మూసుకునేదాన్ని, తను మాత్రం ఈలేసుకుంటూ కొట్టేవాడు, చెవుల్లో దూది పెట్టుకోవయ్యా అంటే రేకు ఎక్కడ లొంగిందో చెవికే తెలుస్తుందే మారిగో, దూది పెట్టుకుంటే గుడ్డివాణ్ణయిపోతాను అనేవాడు. నిజమే కావచ్చు. ఒక తలుపు రేకు మీద వేలితో తట్టి, లోపల ఎక్కడ తుప్పు ఉందో చెప్పేసేవాడు. ఆ చెవులు ఒక్కసారిగా పోలేదు, ముందు పిట్టలు పోయాయి, తర్వాత ఫోను మోత, తర్వాత వంటింట్లో పాలు పొంగే చప్పుడు, ఆ తర్వాత నేను. విడ్డూరమేమిటంటే వీధిలో లారీ వస్తే వినపడుతుంది, పక్కింటాయన దగ్గు వినపడుతుంది, నా గొంతే వినపడదు, సన్నగా ఉంటుందట, అలాంటి గొంతులే ముందు పోతాయని మా అమ్మాయి థెయోని ఎక్కడో చదివి చెప్పింది. పెళ్ళిచూపుల్లో ఈ సన్నటి గొంతునే మెచ్చుకున్నాడు మహానుభావుడు.

ఇక్కడ కాస్త కూర్చుంటాను, మోకాలు వద్దంటోంది. పైకి చూస్తే టోపీ అక్కడే ఉంది. చేయి ఊపాడు. నేనూ ఊపాను. ఇంతదూరం నుంచి మేం ఎంత చక్కగా మాట్లాడుకుంటున్నామో, చేతులతో, ఇంట్లో ఒకే బల్ల దగ్గర కూర్చుని కూడా ఇంత మాట్లాడుకోం. మాట్లాడుకోమంటే అబద్ధమే, మాట్లాడుకుంటాం, రొట్టె ఇలా ఇవ్వు, తాళం ఎక్కడ, లైటు ఆర్పు, మీ చెల్లెలు ఫోన్ చేసింది, అవసరమైనవన్నీ అరిచి చెప్తాను, అరిస్తే వినపడతాయి. కానీ అరవలేని మాటలుంటాయి కదా. కిటికీలోంచి చూసి, అదిగో ఆ పిల్లి మళ్ళీ మన బండి మీద ఎక్కి పడుకుంది అంటాం, దానికేం అర్థముంది, ఏ అవసరముంది, ఊరికే అంటాం, పక్కన మనిషి ఉన్నాడు కాబట్టి అంటాం. ఏమన్నావు, అంటాడు. పిల్లి పడుకుంది. ఏమిటీ. పిల్లి! ఏ గిల్లి? మూడోసారి అరిచేసరికి పిల్లి కూడా లేచి వెళ్ళిపోతుంది. అప్పుడు నేను ఏం లేదులే అంటాను. ఆ మాటే మా ఇంటిని తినేసింది. ఏం లేదులే. రోజుకి ఎన్నిసార్లు అంటానో, మొదట్లో విసుగుతో అనేదాన్ని, తర్వాత జాలితో, ఇప్పుడైతే అసలు అనడానికి ముందే మనసులో అనేసుకుంటాను, పిల్లిని చూస్తాను, నోరు తెరుస్తాను, ఎందుకులే అని మూసేస్తాను. పనికొచ్చే మాటలు మిగిలాయి, పనికిరాని మాటలన్నీ పోయాయి, అవి పోయాకే తెలిసింది మా కాపురమంతా ఆ పనికిరాని మాటలతోనే నడిచిందని. తన పక్కనే పడుకుని, తన పక్కనే తిని, ఇంత ఒంటరిగా ఉంటానని ఎప్పుడూ అనుకోలేదు. ఇది తనతో చెప్పలేను. ఇదీ అరిచి చెప్పే మాట కాదు.

తన బాధ తనకీ ఉంది, ఎందుకు లేదు. మా పేటలోని చర్చిలో ప్రార్థన పాడే పెద్దాయన పాంతెలిస్ పక్కన నిలబడి అనెస్తిస్ శ్రుతి పట్టేవాడు, షెడ్డులో సుత్తి పట్టిన రోజుల నుంచీ. మాటలు లేవు, రాగం లేదు, ఒక్కటే స్వరం, దాన్ని నేలలాగా పరిచి ఉంచితే దాని మీద పాంతెలిస్ గొంతు తిరిగేది, ఆ నేల కూడా ఎక్కడ ఎప్పుడు ఒక మెట్టు జరగాలో పాడేవాడి గొంతు విని పట్టుకోవాలి, అదే ఆ పనిలో కష్టం. ఆదివారం వచ్చిందంటే తెల్లచొక్కా వేసుకుని, గొంతులో పచ్చిగుడ్డు పోసుకుని, నాతో కూడా మాట్లాడకుండా వెళ్ళేవాడు. కిందటేడు పండగ ముందు ఉపవాసాల్లో ఒక శుక్రవారం సాయంత్రం, చర్చి నిండా జనం, పాంతెలిస్ గొంతు బాగా తగ్గించి పాడుతూ పాడుతూ కిందికి జరిగాడు. అనెస్తిస్ జరగలేదు. పాత స్వరమే పట్టుకుని నిలబడ్డాడు, కళ్ళు మూసుకుని, ఎంతో భక్తిగా. పాంతెలిస్ ఆగిపోయాడు. అనెస్తిస్ ఆగలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు, ఫాదరుగారు బలిపీఠం తెర పక్కకి జరిపి తొంగిచూశారు, ఆ ఒక్క స్వరం చర్చి అంతా నిండి ఒంటరిగా అలా మోగుతూనే ఉంది, నేను కొవ్వొత్తి పట్టుకుని నిలబడి, మరియా తల్లీ, ఆపు, ఆపించు అనుకున్నాను. కళ్ళు తెరిచి జనం మొహాలు చూశాక ఆపాడు. ఇంటికొచ్చి పాంతెలిస్‌కి వయసైపోయింది, శ్రుతి నిలవడం లేదు అన్నాడు. అవును అన్నాను నేను. మళ్ళీ ఆ తెల్లచొక్కా బీరువాలోంచి తీయలేదు, గొంతు నొప్పి అని అందరికీ చెప్పాడు, గొంతు నొప్పి ఏడాది పాటు ఉంటుందా అని ఎవరూ అడగలేదు, మా ఊళ్ళో మర్యాద తెలిసినవాళ్ళు ఎక్కువ. వెనక వరుసలో గోడకి ఆనుకుని కూర్చుంటాడిప్పుడు. నేను ఒకరోజు కొవ్వొత్తుల కొట్టుకి వెళ్ళి, అక్కడ తీగకి వేలాడే కళ్ళు, కాళ్ళు, పసిపిల్లల బొమ్మలున్న మొక్కుబడి రేకుబిళ్ళల్లోంచి ఒక చెవి ఏరుకుని, మా చర్చిలో కడితే తను చూస్తాడని ఊరి బయట చిన్న చర్చికి వెళ్ళి మరియమ్మ పటానికి కట్టి వచ్చాను. అమ్మకి ఏమని మొక్కాలో తెలియలేదు. వినపడేలా చెయ్యి అని కాదు, ఒప్పుకునేలా చెయ్యి అని మొక్కాను.

ఇందాక ఇక్కడి మ్యూజియంలో ఒక రాతిపలక ముందు తను ఆగినప్పుడు నేను కంగారుపడింది అందుకే. ఈ చోటంతా ఒకప్పుడు రోగులదేనట, ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ పొడవాటి సావడిలో పడుకుంటే కలలో వైద్యుడైన దేవుడు కనిపించి నయం చేసేవాడట, నయమైనవాళ్ళు రాళ్ళ మీద చెక్కించి పెట్టి పోయారు. ఆ పలక మీద రెండు చెవులు. మొహం లేదు, తల లేదు, రెండు చెవులు అంతే, చక్కగా, తమ్మెలతో సహా. అనెస్తిస్ చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు, పనివాడి చూపు, అంచులు ఎలా తిప్పాడు, లోతు ఎంత తీశాడు. "ఇప్పుడు రేకుతో కొట్టి చవగ్గా కట్టేస్తున్నారు, అప్పట్లో రాతితో చెక్కేవాళ్ళు పాపం," అన్నాడు. నేను కట్టిన రేకుచెవి సంగతి తనకి తెలుసా? చూశాడా? లేక ఊరికే అన్నాడా? నా వైపు తిరగలేదు. తర్వాత నవ్వి, "వీడికి చెవులు చెక్కారు సరే, వీడి పెళ్ళాం నోరు కూడా చెక్కాల్సింది పక్కనే," అన్నాడు. "రాయి సరిపోయుండదు," అన్నాను, గట్టిగానే. అది వినపడింది, దెప్పిపొడుపులు ఎలా వినపడతాయో వినపడతాయి. అప్పుడే అన్నాడు, "పద, పందెం. ఆ రంగస్థలంలో నేను పైన, నువ్వు కింద. తేలిపోవాలి ఇవాళ." పండగ రోజు థెయోని పాత్రా పట్నం నుంచి వచ్చి, నాన్నా, త్రిపోలిలో నేను మాట్లాడాను, వచ్చేవారం సోమవారానికి టైము తీసుకున్నాను, వెళ్ళండి చాలు అని బతిమాలితే గడ్డం పైకెత్తాడు, మా వైపు కాదనడానికి సైగ అదే, చ్, అంతే, నాలుక చప్పుడు కూడా పూర్తిగా చేయలేదు. ఆ గడ్డం పైకి లేచిందంటే ఇక మాట లేదు. అంతకుముందు తీసుకున్న టైములకీ అదే గడ్డం. వాళ్ళ నాన్న చెవి మిషను గుర్తొస్తుంది తనకి, ఆయన చొక్కా జేబులో పెద్ద డబ్బా, దాని తీగ చెవిలోకి, చర్చిలో అందరూ మోకరిల్లిన వేళ అది కూయ్‌మని ఈలేసేది, జనం నవ్వేవాళ్ళు, అనెస్తిస్ కూడా నవ్వేవాడు, నాన్నకి చెవిలో పిచిక ఉంది అనేవాడు. ఇప్పటివి అలా ఉండవు, చిక్కుడు గింజంత ఉంటాయి అని థెయోని ఫోన్లో బొమ్మ చూపించినా చూడడు. అలాంటి మనిషి తనంతట తనే ఇవాళ పందెం అన్నాడు. ఎందుకన్నాడు? గెలుస్తాననా? లేక ఓడిపోవడానికి ఒక దారి కావాలనా? ఈ ఆలోచన ఇప్పుడే వస్తోంది, ఇంకా కొన్ని మెట్లు మిగిలి ఉండగా.

మేం ఇక్కడికి ఇంతకుముందు ఒక్కసారి వచ్చాం. నిశ్చితార్థమైన ఏడాది, వసంతంలోనే, నాకు తోడుగా మా పిన్నిని పంపించారు, పిన్ని నల్లబట్టల్లో నా పక్కన పైవరుసలో కూర్చుని ఎండకి కునుకు తీస్తోంది, తను కిందికి పరుగెత్తుకెళ్ళి సరిగ్గా ఆ రాయి మీద నిలబడి, చాలా మెల్లగా, "మారిగో, ముసలమ్మ పడుకుందా?" అన్నాడు. అది నా చెవి పక్కనే అన్నట్టు వినపడింది. పిన్నికి కూడా. కళ్ళు తెరవకుండానే, "పడుకోలేదురా వెధవా," అంది. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు, నేను మొహం చేతుల్లో దాచుకున్నాను, అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు. ఏం గొప్ప మాట అన్నాడని? ప్రేమా కాదు, ప్రమాణమూ కాదు. ఒక పనికిరాని మాట. దానికే పడిపోయాను నేను, అదీ నా తెలివి.

వచ్చేశాను కిందికి. మట్టి నేల, గుండ్రంగా, వేడిగా, నడిమధ్యన ఆ రాయి, ఎందరి కాళ్ళో తగిలి నున్నబడింది. నా ముందు ఒక గైడమ్మాయి, గొడుగు చంకలో పెట్టుకుని, కాయితం ముక్క చించి చూపిస్తోంది, చర్ర్‌మన్న చప్పుడు వరుసల మీదుగా పైకి పాకిపోతుంటే ఆమె తాలూకు విదేశీయులు పైన చప్పట్లు కొడుతున్నారు. నేను పైకి చూశాను. టోపీ కదలలేదు. కాయితం చిరిగినప్పుడు చుట్టుపక్కల తలలన్నీ కదిలాయి, ఆ ఒక్క టోపీ కదలలేదు. అక్కడే తేలిపోయింది నాకు. నాకు ఇంకేం అక్కర్లేదు నిజానికి, గెలిచేశాను, కానీ గెలిచినట్టు లేదు, అంత ఎత్తున, అంత మంది మధ్య, ఏమీ వినపడకుండా కూర్చుని నా కోసం చూస్తున్న ఆ చిన్న టోపీని చూస్తే. అప్పుడు నాలోని పాత మారిగో నెమ్మదిగా లేచింది, తన తరఫున ఫోన్లు ఎత్తే మారిగో, కొట్లో తన తరఫున జవాబు చెప్పే మారిగో, పాంతెలిస్‌దే తప్పు అవును అన్న మారిగో. క్రీస్తు లేచాడు అను, అంది. పండగ వారం, ఈ రోజుల్లో ఎవరు ఎవర్ని కలిసినా అదే పలకరింపు, పెదవులు అల్లంత దూరాన కదిలినా అదేనని ఎవరైనా ఊహిస్తారు, నిజంగా లేచాడు అని తను పైనుంచి అరుస్తాడు, ఈ జనమంతా అరుస్తారు, తను గెలుస్తాడు, పరువు దక్కుతుంది, ఇంటికి పోతాం. గుడ్డు నాది పగిలిందనుకో, ఉప్పద్దుకుని తినేస్తాను. ఎంత సులువు. ఎంత ప్రేమగా కూడా ఉంటుంది. ఆ తర్వాత ఇంట్లో రొట్టె ఇవ్వు, తాళం ఎక్కడ, ఏం లేదులే, ఇద్దరిలో ఒకరు పోయేదాకా.

గైడమ్మాయి నా వైపు చూసి, "రండమ్మా, మీ వంతు," అంది. రాయి ఎక్కాను. ఎక్కితే ఒక వింత, నా ఊపిరి నాకే పెద్దగా వినపడింది, చుట్టూ ఉన్న రాళ్ళన్నీ ఒంగి వింటున్నట్టు. ఏం చెప్పాలి. నీ పక్కన ఒంటరిగా ఉన్నాను అందామా, లారిస్సా ఆడవాళ్ళందరి ముందూనా. తల దించుకున్నాను. నా బూటు మీద ఒక చీమ. పెద్దదే, నల్లగా, లేసు మీదుగా పైకెక్కుతూ, ముడి దగ్గరికొచ్చి ఏం చేయాలో తెలియక అటూ ఇటూ తిరుగుతోంది. దాన్ని చూడగానే, పిల్లిని చూసినప్పటిలాగే, నోరు తెరుచుకుంది, ఈసారి మూసుకోలేదు. "అనెస్తీ," అన్నాను, వంటింట్లో అన్నట్టు, "చీమ ఒకటి నా బూటెక్కింది, పాపం, ముడి దగ్గర దారి తప్పింది."

మధ్య వరుసల్లోంచి నల్లబట్టల ముసలావిడ ఎవరో, "దులిపెయ్ అమ్మా, కుడుతుంది!" అంది, నవ్వులు లేచాయి, ఆ నవ్వు వరుస మీద వరుస ఎక్కి పైదాకా పోయింది. పైన ఎర్ర తలగుడ్డ ఆవిడ కూడా నవ్వుతోంది, నవ్వుతూ అనెస్తిస్ వైపు ఒంగింది, నోరు కదిలింది, చెప్పేస్తోంది, అయిపోయింది, ఇప్పుడు తను లేచి చీమా అని అరుస్తాడు, అంతే, ఏ దొంగతనమైతే జరుగుతుందని భయపడ్డానో అదే నా కళ్ళముందు జరగబోతోంది. తను చేయెత్తాడు. ఆవిడ మొహానికి అడ్డంగా, అరచేయి తెరిచి, షెడ్డులో కుర్రాళ్ళని ఆపమన్నట్టు. ఆవిడ ఆగిపోయింది. తను లేచి నిలబడ్డాడు, నాకు కనపడాలని కాబోలు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, ఎండకి బట్టతల మెరిసింది, నావైపే చూస్తూ మెల్లగా, చాలా మెల్లగా, గడ్డం పైకెత్తాడు. లేదు. వినపడలేదు. ఆ గడ్డం నాకెంత బాగా తెలుసో, థెయోనిని, డాక్టర్లని, నన్ను, అందర్నీ కాదన్న గడ్డం అది, ఇన్నేళ్ళలో మొదటిసారి అది నిజం చెప్పడానికి లేచింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అప్పుడు తను, చర్చిలో శ్రుతి పట్టే ఆ నిండు గొంతుతో, ఏడాదిగా బీరువాలో మడిచిపెట్టిన గొంతుతో, "సోమవారం!" అని అరిచాడు.

రాళ్ళన్నీ దాన్ని నాకు అందించాయి. విదేశీయులు చప్పట్లు కొట్టారు, ఇదీ తమకోసం చేసిన ప్రదర్శనే అనుకుని. "ఏమిటమ్మా సోమవారం, ఏం పండగ?" అని ముసలావిడ మళ్ళీ అడిగింది, మా ఆయనకి చెవుల పరీక్ష అన్నాను, రాయి మీదే ఉన్నాను కదా, అది కూడా అందరికీ వినపడిపోయింది, "దేవుడు చల్లగా చూడాలి," అంది ఆవిడ, ఇంకెవరో కూడా అన్నారు. పైన తను ఒక్కడే వినలేదు ఆ దీవెన. దిగి వస్తున్నాడు, నాకు చెప్పినట్టే కిందికి చూడకుండా, రెండుసార్లు తూలి, ఎవరో చేయి అందిస్తే గడ్డం పైకెత్తి, మళ్ళీ మనసు మార్చుకుని ఆ చేయి పట్టుకుని. సోమవారంతో అంతా బాగుపడిపోతుందని నేననుకోవడం లేదు, ఆ మిషను మొదట్లో గరగరలాడుతుందట, చంచాలు గిన్నెలు పిడుగుల్లా వినపడతాయట, విసుక్కుంటాడు, డబ్బాలో పడేస్తాడు, నేను తీసి మళ్ళీ చేతిలో పెడతాను, పోట్లాడుకుంటాం, ఎంచక్కా పోట్లాడుకుంటాం. పాంతెలిస్ దగ్గరికి తిరిగి వెళతాడో లేదో. తెల్లచొక్కా ఒకసారి ఉతికి ఆరేయాలి, కనపడేచోట, ఏమీ అనకుండా.

వచ్చేశాడు, ఆయాసపడుతూ, మొహం ఎర్రబడి, పందెం ఓడిన మనిషి మొహం కాదది, బరువు దించుకున్న మొహం. దగ్గరికొచ్చి, కుడి చెవి, అదే కాస్త నయం, నావైపు తిప్పి, "అంతమంది నవ్వారు. ఏమన్నావే?" అన్నాడు.

"ఏం లే..." దాకా వచ్చేసింది నా నోట్లోంచి, అలవాటు అంత గట్టిది, మిగతాది పళ్ళ మధ్య పట్టుకుని ఆపేశాను. తన భుజం పట్టుకుని కిందికి వంచి, చెవి పక్కన నోరు పెట్టి, "నా బూటు మీద చీమెక్కింది. లేసు ముడి దగ్గర దారి తప్పింది," అన్నాను.

తను నా బూటు వంక చూశాడు. చాలా శ్రద్ధగా, తలుపు రేకు మీద సొట్ట చూసినట్టు. "ఏదీ, లేదే?"

"దిగిపోయింది."

"ఎటు?" అన్నాడు.

గైడమ్మాయి తర్వాతి గుంపుని తీసుకుని మా వెనక నిలబడి ఉంది, రాయి ఖాళీ చేయమని మర్యాదగా దగ్గింది. నేను మట్టిలో వేలుపెట్టి చూపించాను, అదిగో అటు అని, చూపించి ఊరుకోలేక, దారి పొడవునా అది ఏం చేసిందో మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.